ఎక్స్‌రే గదిలో రెండున్నర

మా నర్సింగ్‌హోమ్‌లో మరకల్లేని తెల్లగోడ
ఎక్స్‌రే గదికొక్కటే ఉంది.
సీసపు ఏప్రన్ మడిచి ఎత్తు పెట్టి
దాని మీద లాప్‌టాప్ నిలబెట్టాను.
పైన ఇస్త్రీ కోటు,
కింద నైట్‌ప్యాంటు, హవాయి చెప్పులు.
నడుము కింది గుంటూరు వాళ్ళకి కనబడదు.

అక్కడ సాయంత్రం నాలుగు.
ముగ్గురు కూర్చున్నారు. ఒకాయన వెనక కిటికీలో
ఉప్పు బస్తా చిరిగినట్టు మంచు.
విమోచన అనే నా పేరును మూడు ముక్కలు చేసి
మధ్య ముక్క మింగేసి
సరిగ్గా పలికామా అని అడిగారు.
పలికారన్నాను.
ఇది మూడో ఏడు. ఇలాంటివి అలవాటయ్యాయి.

ఏడాదికో చీటీ పాట.
మొదటిది పరీక్ష ఫీజుకి.
ఈసారిది దరఖాస్తులకి:
నూట ఇరవై చోట్లకి పంపితే
పిలిచింది వీళ్ళొక్కరే.
నడిమిది టికెట్టుకీ వీసాకీ,
ఒక్క నెల అక్కడి ఆసుపత్రిలో
రోగుల్ని చూడ్డానికి.
చూడ్డానికే.
చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి,
ముట్టుకోకూడదు, రూలు.
ఆ మాట మా నాయనమ్మకి
ఇంకో ఊళ్ళో ఇంకో అర్థంలో తెలుసు.
ఫోన్లో చెబితే చాలాసేపు నవ్వి
"ఇంత చదివాక కూడానా" అంది.

"మీ పట్టాకీ ఈ రోజుకీ నడుమ
ఆరేళ్ళ ఖాళీ ఉంది డాక్టర్.
ఏం చేశారు?"

జవాబు బట్టీ పట్టిందే.
అద్దం ముందు, ఆటోలో,
బ్రాడీపేట నాలుగో లైన్లో
ఇడ్లీ పొట్లం కోసం నిలబడి కూడా
చెప్పుకున్నదే.
నోరు తెరిచాను.

తలుపవతల దగ్గు.
రేకు డబ్బాలో గులకరాళ్ళలా మొదలై
చివర సన్నటి ఈల.
సైదులు. మిర్చియార్డు హమాలీ.
ఈ నెలలో నాలుగోసారి.
మంచం లాగిన చప్పుడు.

మైకు ఆపడం మరిచి అరిచాను:
"పడుకోబెట్టకు రాహేలూ, కూర్చోబెట్టు!
నెబులైజర్ పెట్టు. ఆక్సిజన్ ఎంతుందో చూడు.
తేజ లోడు ఎత్తాడేమో అడుగు!"

"తొంభయ్యొకటి మేడం. తేజానే అంట.
మూతికి గుడ్డ కడితే ఊపిరాడదంట."

తెర మీద ముగ్గురూ కదలడం మానేశారు.
నెట్ పోయిందనుకున్నాను. పోలేదు.
"ఇప్పుడేం చెప్పారు?" అంది మధ్యలో ఆవిడ.

కూర్చోబెట్టమన్నదానికి ఇంగ్లీషుంది.
తొంభయ్యొకటికి ఏ దేశంలోనైనా ఒకటే భయం.
తేజ దగ్గర ఆగిపోయాను.
అదొక మిరపకాయ, సన్నగా ఉంటుంది,
బస్తా ఎత్తితే గోనె కంతల్లోంచి
ఎర్రదుమ్ము మెడ మీదకి కారుతుంది,
ఇంటికెళ్ళి బిడ్డనెత్తుకుంటే
బిడ్డ కళ్ళు మండుతాయి,
అందుకని ముందు బోరింగు దగ్గర ఆగుతాడు...
తప్పుల ఇంగ్లీషులో చెబుతూనే పోయాను,
బట్టీ పట్టినదాంట్లో ఒక్క ముక్కా లేకుండా.
ఆవిడ ఏదో రాసుకుంది.
రాసుకుందో, బొమ్మ గీసుకుందో.

టైమైపోయింది. థాంక్యూ.
తెర మీద నా ముఖమొక్కటే మిగిలింది.

బయట సైదులు మాస్కులోంచి
"ఎవురితో మేడం ఈ టయాన ఇంగిలీసు?" అన్నాడు.
ఉద్యోగం కోసమన్నాను.
"ఈడ లేదా?"
మిషను చప్పుడులో వినబడనట్టు
వీపు మీద చెయ్యేసి స్టెత్ ఆనించాను.
ఎడమవైపు ఇంకా ఈల.

ఫలితం మార్చి మూడో వారం.
అప్పటికి యార్డు నిండా కొత్తకాయ.
డ్యూటీ చార్టులో మార్చి పేజీ
రాహేలు ఇప్పుడే స్కేలు పెట్టి గీసేసింది.
రాత్రి గళ్ళన్నిటిలోనూ నా పేరు,
ఏ ముక్కా మింగకుండా,
పెన్సిల్‌తో.